ఎండుగడ్డి రంగు

కుడివైపు పక్కటెముకల కింద పోటు. గట్టిగా ఊపిరి తీస్తే ఎక్కువయ్యేది. గ్యాస్ అనుకుని పది రోజులు గడిపేశాను. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడటం మొదలయ్యాక గానీ ఎక్స్‌రే తీయించుకోలేదు. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరింది. టీబీ.

వీపులోంచి సూది పెట్టి 800 మిల్లీలీటర్లు తీశారు. రిపోర్టులో ఆ నీటి రంగు ‘స్ట్రా కలర్’ అని ఉంది. స్ట్రా అంటే నాకు కూల్‌డ్రింకులో వేసుకునే గొట్టమే గుర్తొచ్చింది. అడిగితే డాక్టరుగారు నవ్వి, “ఎండుగడ్డి రంగండీ” అన్నారు. ఇరవై ఏళ్లుగా కవిత్వం రాస్తున్నాను. అనంతం, విషాదం, నిశ్శబ్దం లాంటి మాటలు నా కవితల్లో కొల్లలు. ఎండుగడ్డిది ఏ రంగో ఒక్కసారీ రాయలేదు. ల్యాబ్‌లో ఎవరో రాశారు. సిగ్గేసింది.

మందులు ఆరు నెలలు వాడాలి. మొదటి రెండు నెలలూ నాలుగు రకాలు. వాటిలో రిఫాంపిసిన్ మూత్రాన్ని నారింజ రంగులోకి మార్చేస్తుంది, కన్నీళ్లకు కూడా ఆ రంగు పట్టొచ్చట. పాత పద్యాల్లో రక్తాశ్రువులు కనబడితే అతిశయోక్తి అని నవ్వుకునేవాణ్ని.

జబ్బు మనిషిని కవిని చేస్తుందంటే మాత్రం నేను నమ్మను. జ్వరంలో ఉన్నప్పుడు జ్వరమే ఉంటుంది. మొదటి నెలంతా వికారం, నీరసం. కళ్లె పరీక్షలో ఏమీ లేదని చెప్పినా, ఇంట్లోవాళ్లకు అంటించానేమోనన్న టెన్షన్.

ఊపిరి వ్యాయామానికి మూడు బంతులున్న ప్లాస్టిక్ పరికరం ఇచ్చారు. గొట్టం నోట్లో పెట్టుకుని గాలి లోపలికి పీలిస్తే బంతులు లేవాలి. నాకు ఒక్కటే లేచేది, అదీ వణుకుతూ. పీల్చడానికీ పీల్చడానికీ మధ్య చేసే పనేమీ లేక, కిటికీలోంచి నేల మీద పడే ఎండను చూస్తూ కూర్చునేవాణ్ని. డిసెంబర్ చివర్లో అది మంచం కాలు దాకా వచ్చేది. వారానికోసారి, పదకొండు గంటలకు, దాని అంచు దగ్గర పెన్సిల్‌తో గీత గీయడం మొదలుపెట్టాను. మొదట వేలెడు కూడా జరగలేదు. ఫిబ్రవరికి వారానికి బెత్తెడుకు పైగా కిటికీ వైపు వెనక్కి పోతోంది. సూర్యుడి నడక గురించి బళ్లో చదువుకున్నదే. గీతకూ గీతకూ మధ్య చెయ్యి పెట్టి కొలిచాకే ఎక్కింది.

ఆ రోజుల్లోనే ఒక మిత్రుడు జపాన్‌లో హైకూలు, అంటే మూడు పాదాల చిన్న కవితలు, రాసిన మసవోకా షికి గురించి చెప్పాడు. వెన్నెముక టీబీతో ఏళ్ల తరబడి మంచం పట్టి 1902లో, 34 ఏళ్లకే పోయాడు. కళ్లెదుట ఉన్నదాన్ని ఉన్నట్టు రాయడం ఆయన పద్ధతి. చివరి హైకూల్లో కూడా నేతిబీర తీగే ఉంది. దాని రసం కఫానికి మందుగా వాడేవారట. చావును గురించి పెద్ద మాటలు వెతుక్కోలేదు ఆయన.

నాకు ఊపిరి చాలక వాక్యాలు చిన్నవయ్యాయి. మార్చిలో ఇది రాశాను:

చీమ ఆగింది
ఎండ అంచు దగ్గర.
నేనూ ఊపిరి బిగబట్టాను.

ఇందులో ఒక్క పోలికైనా లేదేమని ఒకాయన పెదవి విరిచారు. లేదు మరి. బిగబట్టినప్పుడు కుడివైపు కలుక్కుమంది, ఆ సంగతి కూడా వదిలేశాను.

జూన్ చివర్లో మందులు ఆపేశారు. ఎక్స్‌రేలో ఊపిరితిత్తి కింది మూల కాస్త మొద్దుగా కనబడుతోంది, అది అలాగే ఉండిపోవచ్చన్నారు. మూడో బంతి ఇప్పుడు లేస్తుంది, రెండు సెకన్లు. కిటికీలోంచి ఎండ రావడం ఎప్పుడో మానేసింది. నేల తుడిచినప్పుడల్లా గీతలు ఒక్కొక్కటే పోతున్నాయి. మంచం కాలు దగ్గరి గీత మీద మాత్రం టేపు అంటించాను. డిసెంబర్‌లో ఎండ అక్కడిదాకా వస్తే చూడాలి.