ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో ఎంత దూరం?

ఆదివారం కావడంతో మధ్యాహ్నం భోజనాలయ్యాక మేనల్లుడు మా ఇంట్లోనే కూర్చుని అమెరికా ప్రయాణానికి టికెట్లు వెతుక్కుంటున్నాడు. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో ఎంత దూరమని వాళ్ల అమ్మ, అంటే మా అప్ప, అడిగితే సుమారు 12,400 కిలోమీటర్లన్నాడు. ప్రయాణం దాదాపు 16 గంటలట. విమానం గంటకు 900 కిలోమీటర్లు పోతుందని వాడే చెప్పాడు కనుక, "అయితే 14 గంటలు చాలాలి కదా, మిగతా రెండు గంటలూ ఏం చేస్తుందిరా?" అంది అప్ప. విజయనగరం పెద్ద బజారులో ఇన్నేళ్లు కొట్టు పద్దులు చూసిన మనిషికి లెక్క తేడా వస్తే ఊరుకోబుద్ధి కాదు.

బీరువా మీద దుమ్ము పట్టి ఉన్న పిల్లల గ్లోబును దించి, కుట్టుమిషను దారం కొంత తెంచి, రెండు ఊళ్ల మధ్య బిగువుగా పట్టి చూపించాను. గోడపటంలో పసిఫిక్‌కు అడ్డంగా పోవాలనిపించే దారి, దారం లాగేసరికి చైనా, సైబీరియాల మీదుగా పైకెళ్లి, ఆర్కిటిక్ సముద్రపు అంచు తాకి, అలాస్కా మీదుగా కిందికి దిగింది. 2023 జూన్‌లో ఇదే ప్రయాణం చేస్తున్న ఎయిర్ ఇండియా విమానం ఇంజన్ సమస్యతో రష్యాలోని మగదాన్‌లో ఎందుకు దిగిందో అప్పుడు గాని అప్పకు బోధపడలేదు.

ఆ 12,400 అన్నది దారం పొడవు మాత్రమే. విమానానికి అచ్చంగా దారం వెంట పోవడం కుదరదు. లోపల గాలి పీడనం పడిపోతే వెంటనే సుమారు 3 కిలోమీటర్ల ఎత్తుకు దిగిపోవాలి. టిబెట్ పీఠభూమి సగటు ఎత్తే 4 కిలోమీటర్లకు పైన ఉంటే ఇక దిగేదెక్కడికి? అందుకని వీలైనంతవరకు దాన్ని తప్పించుకుని చుట్టు తిరుగుతారు. ఏ దేశం తన గగనతలాన్ని మూసినా మరో చుట్టు తప్పదు. విశాఖ నుంచి హైదరాబాద్‌కు 500 కిలోమీటర్లకే గంటంబావు పట్టడానికి విమానం నేలమీద రన్‌వే దాకా మెల్లగా పోవడం, పైకెక్కడం, కిందికి దిగడం కారణమైతే, ఇంత దూరంలో ఆ నిమిషాలు లెక్కలోకే రావు.

వీటన్నిటికంటే నాకు వింతగా తోచేది గాలి. పది కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే గాలిప్రవాహం వీస్తూ ఉంటుంది. 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా ఇదే ప్రయాణాన్ని అట్లాంటిక్ వైపు నుంచి మానుకుని, తూర్పుగా పసిఫిక్ మీదుగా మళ్లించింది. అట్లాంటిక్ దారి సుమారు 13,900 కిలోమీటర్లు; దానికంటే దూరం 1,400 పెరిగి సుమారు 15,300 అయినా, ప్రయాణం పద్నాలుగున్నర గంటల్లో ముగిసింది. భాగించి చూస్తే గంటకు వెయ్యి కిలోమీటర్ల పైమాటే. 900 పోనూ మిగిలినదంతా వెనకనుంచి గాలి ఇచ్చిన తోపుడే. దూరం పెరిగితే సమయం తగ్గిందన్న మాట అప్పకు మింగుడుపడక, నా కాగితం లాక్కుని తానే మళ్లీ భాగించుకుంది.

చివరికి వాడు తెల్లవారుజామున నాలుగింటి విమానం ఖాయం చేసుకున్నాడు. అక్కడ అదే తేదీ ఉదయం ఏడున్నరకే దిగుతాడని టికెట్ మీద చూసి "మూడున్నర గంటలేనా!" అని అప్ప సంబరపడబోయింది గాని, వేసవిలో అక్కడి గడియారం మనకంటే పన్నెండున్నర గంటలు వెనక ఉంటుందని వాడు నవ్వుతూ గుర్తుచేశాడు. మన లెక్కన దిగేది రాత్రి ఎనిమిదికి. ఇమిగ్రేషన్ వరసకు మరో గంట కలిపి, తొమ్మిదిలోపు ఫోను రాకపోతే తానే చేస్తానని అప్ప తేల్చి చెప్పింది.