డింగిల్ ఎక్కడికి పోయింది?

ఐర్లండ్ పడమటి చివర, కెర్రీ కౌంటీలో వెళ్తున్నాం. ఫోనేమో డింగిల్‌కి తీసుకెళ్తానంటోంది, రోడ్డు పక్క బోర్డుల మీద ఆ పేరే లేదు. దారి తప్పామేమోనని కాసేపు టెన్షన్. తీరా చూస్తే అది ఐరిష్ మాట్లాడే ప్రాంతం, బోర్డులన్నీ ఐరిష్‌లోనే ఉంటాయి. 2005లో ప్రభుత్వం ఈ ఊరికి 'అన్ డాంగన్' అనే పేరు ఖాయం చేస్తే, టూరిస్టులకి తెలిసిన పేరు పోతుందని జనం గోల పెట్టి, 2006లో ఓట్లు వేసుకుని, 2011లో చట్టం మారేదాకా ఊరుకోలేదు.

అక్కణ్ణుంచి కిల్‌మాల్కేదర్ అనే పారిష్‌కి (ఒక చర్చి పరిధిలోని ప్రాంతం) వెళ్లాం. పైకప్పు లేని 12వ శతాబ్దపు చర్చి, దాని ముందు సమాధులు. వాటి మధ్య నిలువెత్తు రాయి, పైన చిల్లు, అంచు పొడవునా కత్తితో గీసినట్టు గీతలు. అది ఓగమ్, గీతలే అక్షరాలుగా ఐరిష్ వాళ్లు వాడిన పాత లిపి. "బ్రోకన్ కొడుకు మాయిలె ఇన్‌బిర్ పేరు" అని ఉందట. అంత కష్టపడి చెక్కింది ఒక్క పేరు కోసం!

కుక్కని తీసుకుని అటు వచ్చిన ఒక పెద్దాయనని, కిల్ అంటే చర్చే కదా అని అడిగాను. ఇక్కడైతే అంతే అన్నాడు. ఐరిష్‌లో చర్చికి 'కిల్', అడవికి 'క్విల్', ఇంగ్లీషులో రాసేసరికి రెండూ కిల్ అయిపోయాయి. కిల్‌మోర్ అనే ఊళ్లు చాలా ఉన్నాయి, ఒకచోట పెద్ద చర్చి, ఇంకోచోట పెద్ద అడవి. ఏది ఏదో తేలాలంటే పాత కాగితాల్లో ఎలా రాశారో, ఊళ్లో ముసలివాళ్లు ఎలా పలుకుతారో రెండూ చూడాలి. 1830 నుంచి ఐర్లండ్ మ్యాపులు గీసే సర్వేవాళ్ల దగ్గర జాన్ ఓడొనవన్ అనే ఐరిష్ పండితుడు చేసిన పని అదే, ఊరూరా తిరిగి అడగడం, పారిష్ వారీగా పేర్ల పుస్తకాల్లో ఎక్కించడం. టౌన్‌లాండ్‌లే, అంటే అక్కడ భూమికి అతి చిన్న విభాగాలే, అరవై వేల పైచిలుకు మరి! ఇంతా చేసి మైలుకి ఆరంగుళాల మ్యాపు మీదకెక్కింది ఇంగ్లీషు స్పెల్లింగే, అర్థం పుస్తకంలో ఉండిపోయింది. నాకైతే ఒళ్లు మండింది.

పెద్దాయన రాతి గోడల అవతల గడ్డి పొలం చూపించి "పార్క్ అన్ టబర్" అన్నాడు, బావి పొలమని. బావి ఏదండీ అంటే, వాళ్ల నాన్న పుట్టకముందే పూడ్చేశారట. మ్యాపులో ఉందా అంటే నవ్వాడు, పొలాల పేర్లు ఎవడు రాస్తాడని. నోట్‌బుక్ తీసి తెలుగులో రాసుకున్నాను, పలుకుబడి మూడుసార్లు దిద్దించాడు. తర్వాత పేజీ తన వైపు తిప్పుకుని, ఓగమ్ రాయి కేసి చూసి, "మీకు గీతలే లేవా, అన్నీ సున్నాలేనా?" అన్నాడు.