మార్కును తీసుకురా

బైబిల్ ట్రైనింగ్ మధ్యలో వదిలేసి ఇంటికొచ్చేశాను. మళ్లీ సేవకు వస్తానంటే "నువ్వు నిలబడవు" అన్నారు. ఆ మాట మూడేళ్లుగా గుండెల్లో ముల్లులా ఉండిపోయింది.

మొన్న రాత్రి బైబిల్లో అపొస్తలుల కార్యములు చదువుతున్నాను. పౌలు, బర్నబాలతో సువార్త ప్రయాణానికి వెళ్లిన మార్కు అనే అతను పంఫూలియ ప్రాంతంలో పని వదిలేసి యెరూషలేముకు వెళ్లిపోయాడు. తర్వాతి ప్రయాణానికి పౌలు అతన్ని వద్దన్నాడు. బర్నబా మాత్రం విడిచిపెట్టలేదు, తనతో కుప్ర (సైప్రస్) ద్వీపానికి తీసుకెళ్లాడు. మరి అదే పౌలు తర్వాత తిమోతికి రాసిన ఉత్తరంలో (2 తిమోతి 4:11), సంకెళ్లలో ఉండి, మార్కును తీసుకురా, నాకు పనికొస్తాడు అంటున్నాడు! అక్కడ ఆగిపోయి చాలాసేపు ఏడ్చాను.

నాకూ ఒక బర్నబా ఉన్నారు. మా సంఘంలో ఒక అన్న. ఈ మూడేళ్లూ ప్రతి శనివారం ఫోన్ చేసి "తమ్ముడూ, రేపు వస్తున్నావుగా?" అని అడగడం మానలేదు. నిన్న నేనే ఫోన్ చేశాను. "అన్నా, సండే స్కూల్ పిల్లలకు నేను చెప్తాను" అన్నాను.