కన్యాశుల్కం ఇంకా ఎందుకు పాతబడలేదు?

క్లాసిక్ అంటే ఏంటని అడిగితే చాలామంది 'కాలానికి నిలబడింది' అనేస్తారు. సరే, నిలబడింది, కానీ దేని వల్ల? కన్యాశుల్కం నాటకం విషయంలో నాకు ఈ అనుమానం ఎక్కువ, ఎందుకంటే గురజాడ దాన్ని రాసిందే అప్పటి ఒక దురాచారం మీద. డబ్బు తీసుకుని పసిపిల్లల్ని ముసలాళ్లకి కట్టబెట్టడం. విజయనగరం మహారాజు ఆనంద గజపతి లెక్కలు తీయిస్తే ఒక్క విశాఖపట్నం జిల్లాలోనే మూడేళ్లలో 1,034 శుల్కం పెళ్లిళ్లు తేలాయి, అందులో ఏడాది వయసు పిల్లలు కూడా ఉన్నారు. గురజాడే ముందుమాటలో ఈ సంగతి రాశాడు.

నాటకాన్ని 1892లో మొదట ఆడారు, 1897లో అచ్చేశారు. ఆ శుల్కం ఇప్పుడు లేదు (కట్నం వచ్చి ఎదురు బేరం పెట్టింది, అది వేరే కథ). న్యాయంగా అయితే నాటకం కూడా దాంతోపాటే మూలపడాలి కదా. కానీ పుస్తకం ముట్టుకోనివాళ్లు కూడా ఇవాళ్టికీ ఇంట్లో గొడవైతే "తాంబూలాలిచ్చేశాను, తన్నుకు చావండి" అంటారు, పని చెడితే "డామిట్, కథ అడ్డంగా తిరిగింది" అంటారు.

నా లెక్కలో దీనికి కారణం గిరీశం. సంతలో సామాను కొనిపెడతానని పూటకూళ్లమ్మ దగ్గర ఇరవై రూపాయలు పట్టుకెళ్లి డాన్సింగ్ గర్ల్ కింద తగలేసి, ఊళ్లో అప్పులవాళ్లకి మొహం చూపించలేక శిష్యుడు వెంకటేశం వెంట వాళ్లూరు జారుకుని, అక్కడ మళ్లీ విధవా వివాహం గురించి లెక్చర్లు దంచే మనిషి వాడు. వాడి చేతిలో చుట్ట తీసేసి ఫోన్ పెట్టండి, నాలుగు కోచింగ్ సెంటర్లు నడిపేస్తాడు. పైగా వాడు వెధవని తెలిసి కూడా మనం వాడి వైపే చూస్తూ కూర్చుంటాం. గురజాడ వాణ్ని తిట్టడు, మాట్లాడనిస్తాడు అంతే.

ఇంకో సంగతి, మనం చదివేది ఆ మొదటి నాటకం కాదు. 1909లో ఆయన దాన్ని బాగా పెంచి, దాదాపు కొత్తగా రాసినంత పని చేశాడు. వేశ్య మధురవాణి ఇంత పెద్ద పాత్రగా నిలబడింది అందులోనే. పేరొచ్చిన నాటకాన్ని మళ్లీ విప్పి కుట్టడానికి ఎంత ఓపిక కావాలో!

అన్నీ బాగున్నాయని మాత్రం అనను. కొన్ని రంగాలు సాగుతాయి, మొత్తం ఆడాలంటే ఒక రాత్రి చాలదు. సంస్కరణ భారమంతా మోసే సౌజన్యారావు పంతులు మంచివాడే, కానీ ఆయన మాట్లాడుతుంటే నాకు ఆవలింతలొస్తాయి. ఆయన మాట ఒక్కటీ జనం నోట్లో నానలేదు చూడండి, నానినవన్నీ గిరీశానివీ, వెంకటేశం తండ్రి అగ్నిహోత్రావధాన్లువీ.

చదవనివాళ్లు చదవాలనుకుంటే మొదటి అంకం పైకి చదవండి, పక్కన ఎవరైనా ఉంటే ఇంకా మంచిది. ఆ విజయనగరం యాస కంటితో కంటే చెవితోనే త్వరగా దారికొస్తుంది.