హాలు మధ్యలో ఒక తాంబాళం

ఆదివారం, రాత్రి

అందరూ వెళ్ళి గంట దాటింది. మా ఆయన పాపను పడుకోబెడుతున్నారు. ఈ సాయంత్రం ఎలా గడిచిందో మరిచిపోకముందే రాసిపెట్టుకోవాలి. ముఖ్యంగా తాంబాళంలో ఏమేమి పెట్టానో, వాటిలో ఏది ముందు ఖాళీ అయిందో. మళ్ళీ ఎవరినైనా పిలిచినప్పుడు ఈ పేజీ తీసి చూసుకుంటాను.

భోజనానికని ఎవరినీ పిలవలేదు. "నాలుగున్నరకు రండి, కాసేపు కూర్చుందాం" అన్నాం, అంతే. పక్క ఫ్లాటు పిన్నిగారు, వాళ్ళ అమ్మగారు (ఆవిణ్ణి మేమంతా మామ్మగారు అంటాం), మా ఆయనతో పనిచేసే అతను, అతని భార్య, వాళ్ళ మూడేళ్ళ బాబు, డిగ్రీలో నాతో చదివిన స్నేహితురాలు, వాళ్ళాయన. మామ్మగారికి పళ్ళు లేవు. స్నేహితురాలి భర్తకు షుగరు. బాబుది ఏది పడితే అది నోట్లో పెట్టుకునే వయసు. పైగా కార్తీక మాసం, పిన్నిగారింట్లో ఈ నెలంతా ఉల్లి, వెల్లుల్లి ముట్టరు. ఇంతమందికీ సరిపోయే టిఫిను ఒక్కటంటే ఒక్కటి లేదు. ఏడెనిమిది రకాలు కొంచెం కొంచెంగా మధ్యలో పెడితే మాత్రం ఎవరికి నప్పింది వాళ్ళు తీసుకుంటారు. ఒకరికోసం విడిగా వండామన్న మాట రాదు, తినలేనని ఎవరూ మొహమాటపడనక్కర్లేదు.

నాకు ఈ పద్ధతి ఇంతగా నచ్చడానికి ఇంకో కారణం మా అమ్మ. రాజమండ్రిలో మా వీధంతటికీ ఆమె చేతివంట తెలుసు. చుట్టాలొస్తే వేడివేడిగా బజ్జీలో, పెసరట్లో వేస్తూనే ఉండేది. హాల్లోంచి నవ్వులు వినిపిస్తుంటే ఆమె పొయ్యి ముందు నిలబడి ఉండేది. "నువ్వూ వచ్చి కూర్చో వదినా" అని మా అత్త పిలిస్తే "వస్తున్నా, ఈ ఒక్క వాయి అయిపోనీ" అనేది. వాళ్ళు చెప్పులు వేసుకునే వేళకు కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఇవతలికి వచ్చేది. ఎవరి పెళ్ళి కుదిరిందో, ఎవరికి ఎక్కడికి బదిలీ అయిందో తర్వాత మేమే చెప్పేవాళ్ళం. వేడిగా పెట్టడమే మర్యాద అని నమ్మిన తరం ఆమెది. ఆ మర్యాదను నేను తక్కువ చేయను. కానీ ఆ కబుర్లలో అమ్మకూ వాటా ఉండాల్సింది. అందుకే మా ఇంట్లో ఒక నియమం పెట్టుకున్నాను. మొదటి మనిషి గడప దాటాక పొయ్యి మీద టీ తప్ప మరేదీ ఉండకూడదు.

ఈ ఒక్క నియమంతో ఏం చేయాలో సగం తేలిపోతుంది. చల్లారితే పనికిరానివన్నీ పక్కకు పోతాయి. బజ్జీ, పునుగు, గారె మొదటి పది నిమిషాల్లోనే బాగుంటాయి కాబట్టి వాటి జోలికి పోను. మిగిలేవాటికి మాత్రం కొదవేముంది!

సర్వపిండి గురించి కొంచెం వివరంగానే రాయాలి. మా అత్తయ్యది కరీంనగర్. పెళ్ళయ్యేదాకా నాకు దీని రుచి తెలియదు. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, నువ్వులు, కరివేపాకు, కారం, ఉప్పు వేసి కలిపి, ముద్దను లోతైన గిన్నె లోపల చేత్తో పలుచగా ఒత్తి, వేలితో అక్కడక్కడా చిల్లులు పెట్టి, ఆ చిల్లుల్లో నూనె వేసి సన్నని సెగ మీద మూత పెట్టి కాల్చాలి. ఉల్లికాడలు మామూలుగా వేస్తారు, ఈ రోజు వేయలేదు. పల్లీలు కూడా గింజలుగా వేయకుండా మెత్తగా దంచి కలిపాను. మూడేళ్ళ బాబు లాంటి చిన్న పిల్లలకు పల్లీ గింజ గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది, ఇరుగుపొరుగు పిల్లలొచ్చినప్పుడు దీన్ని మరవకూడదు. ఒత్తడం చల్లటి గిన్నెలోనే సాధ్యం, అందుకని రెండు గిన్నెలు మార్చి మార్చి వాడతాను. ఒకటి కాలుతుంటే ఇంకోటి ఆరుతుంటుంది. మూడింటికల్లా అయిపోయాయి. చేత్తో తుంచి పెడితే సాయంత్రం వరకూ అంచులు కరకరలాడుతూనే ఉంటాయి. మధ్యలో పెట్టుకుని పంచుకోవడానికి ఇంతకంటే మంచి వంటకం నాకు తెలియదు.

సకినాలు అత్తయ్య పంపినవే. అవి సంక్రాంతి పిండివంటే అయినా మనవరాలు అడిగిందని దీపావళికే చుట్టి డబ్బా నింపి పంపారు. వాము, నువ్వుల వాసనకే ఆకలి పుడుతుంది. మా వైపు నుంచి జంతికలు, చక్కరకేళి పళ్ళు, ఆత్రేయపురం పూతరేకులు. గోదావరీ కరీంనగరూ ఒకే పళ్ళెంలో ఉంటే నాకు చాలా ఆనందంగా ఉంటుంది.

శనగలు నిన్న రాత్రి అరకిలో నానబెట్టాను. నానితే బరువు దాదాపు రెట్టింపవుతుంది, పదిమందికి అరకిలో ధారాళంగా సరిపోతుంది. ఉప్పు వేసి కుక్కర్లో ఉడికించి, ఇంగువ, ఎండుమిర్చి, కరివేపాకుతో తాలింపు పెట్టాను. పచ్చికొబ్బరి కోరు మాత్రం చివరి నిమిషంలోనే కలపాలి, అది త్వరగా పాడవుతుంది. షుగరు ఉన్నవాళ్ళకు గుగ్గిళ్ళు మంచి ఆసరా. స్నేహితురాలి భర్త తీపి వైపు చూడకుండా వీటితోనే కడుపు నింపుకున్నారు, జామ ముక్కలు కూడా కొన్ని తీసుకున్నారు.

మామ్మగారి కోసం చిన్న చిన్న ఇడ్లీలు. వెల్లుల్లి లేని కందిపొడి, నెయ్యి కలిపి వాటిని అందులో దొర్లించాను. నెయ్యి పట్టిన ఇడ్లీ ఆరిపోకుండా మెత్తగా ఉంటుంది. ఆవిడ కోసమని చేశాను గానీ బాబు కూడా వాటినే పట్టుకున్నాడు. ఎనభై ఏళ్ళ ఆవిడా మూడేళ్ళ వాడూ ఒకే వైపు కూర్చుని ఒకే గిన్నెలోంచి తీసుకుంటూ ఉంటే నేను చాలాసేపు వాళ్ళనే చూస్తూ ఉండిపోయాను.

పండ్లు, పచ్చి ముక్కల విషయంలో కొంచెం శ్రద్ధ కావాలి. కీరా, కారెట్ ముక్కలకు ముందే ఉప్పు చల్లితే నీరు వదిలి పక్కనున్న జంతికలను మెత్తబరుస్తాయి. ఉప్పూ కారమూ విడిగా చిన్న గిన్నెలో పెట్టాను, ఎవరికి కావలసినంత వాళ్ళు అద్దుకుంటారు. జామకాయలు అందరూ వచ్చే ముందే కోసి నిమ్మరసం పిండితే రంగు తొందరగా మారదు. పెరుగును పల్చటి గుడ్డలో మూటగట్టి మూడు నాలుగు గంటలు వేలాడదీస్తే నీరంతా కారి గట్టిపడుతుంది. అందులో కొత్తిమీర, పచ్చిమిర్చి, అల్లం నూరి కలిపితే సర్వపిండికి చక్కటి జత. ఉడికినవి, కోసినవి, పెరుగువి బయట రెండు గంటలకు మించి ఉంచకూడదు కాబట్టి సగం ఫ్రిజ్‌లో దాచి, అయిపోయినప్పుడు నింపాను. సీతాఫలాలు బజారులో ఇంకా ఉన్నాయి, తేలేదు. అది తీరిగ్గా, గింజలు ఊసుకుంటూ, ఒక్కరే తినాల్సిన పండు. ఉసిరికాయలూ పెట్టలేదు. కార్తీకంలో ఉసిరి ముచ్చట ఎంతున్నా ఆదివారం పూట తినరని మామ్మగారి వంటి పెద్దల పట్టింపు.

తాంబాళం అమ్మ ఇచ్చిన ఇత్తడిది, కళాయి పూత లేదు. నిమ్మరసం, పెరుగు, చింతపండు లాంటి పులుపు నేరుగా ఇత్తడికి తగిలితే లోహం వాటిలోకి దిగుతుంది, రుచి చెడుతుంది, ఆరోగ్యానికీ మంచిది కాదు. అందుకని అడుగున అరటాకు పరిచి, తడివీ పులుపువీ అన్నీ స్టీలు గిన్నెల్లో సర్దాను. ముందు గిన్నెలు పెట్టుకోవాలి, తర్వాత పెద్ద ముక్కలు, చివరికి మిగిలిన సందుల్లో జంతికలు, సకినాలు. పూతరేకులు మాత్రం మూతపెట్టిన డబ్బాలోనే ఉంచి టీకి ముందు తీశాను. కాగితంలా పలుచగా ఉండే ఆ రేకు కాస్త తేమ తగిలినా అతుక్కుపోతుంది. ఈ మధ్య ఫోనులో చెక్క పలకల మీద చీజు, ద్రాక్ష, బ్రెడ్డు అందంగా పేర్చిన ఫోటోలు చాలా కనిపిస్తున్నాయి. చూడటానికి బాగుంటాయి. మన ఇళ్ళలో అలాంటి అందానికి తాంబాళం, అరటాకు ఎప్పటినుంచో ఉన్నాయి, కొత్తగా కొనాల్సింది ఏమీ లేదు.

ఒకే పళ్ళెం అనగానే మన ఇళ్ళలో ముందు వచ్చే ప్రశ్న ఎంగిలి. పిన్నిగారు నోరు విప్పి అనరు గానీ ఆమెకు అది ముఖ్యమని నాకు తెలుసు, నాకూ ముఖ్యమే. పూజాసామాను దుకాణంలో అడ్డాకు దొన్నెలు దొరికాయి. వచ్చిన ప్రతివారికీ ఒకటి చేతికిచ్చాను. ప్రతి గిన్నెలో ఒక చెంచా, ఎండు రకాలకు ఒక పట్టకారు. తాంబాళంలోంచి దొన్నెలోకి, దొన్నెలోంచి నోట్లోకి. దొన్నెలోది మళ్ళీ తాంబాళంలోకి వెళ్ళదు. పెరుగు పచ్చడి కూడా ఎవరి దొన్నెలో వాళ్ళు వడ్డించుకుని అద్దుకున్నారు. ఎవరూ ఎవరికీ చెప్పకుండానే ఇదంతా సజావుగా జరిగింది. పిన్నిగారు రెండోసారి, మూడోసారి కూడా చెంచా అందుకున్నారు. దానికి నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

సోఫాలు గోడవైపు జరిపి, చాప పరిచి, తాంబాళం చుట్టూ కూర్చున్నాం. మామ్మగారికి మాత్రం కుర్చీ. చెయ్యి చాచి తీసుకోవాలంటే అందరూ కొంచెం దగ్గరికి జరగాల్సిందే. మా ఆయనతో పనిచేసే అతను ముభావి అని విన్నాను. సకినం విరుస్తూ ఇది ఏ ఊరిదని అడిగాడు. అక్కడినుంచి మాట వాళ్ళ నాయనమ్మ చేసే మురుకులకు, అక్కడినుంచి వాళ్ళ ఊరి జాతరకు వెళ్ళింది. మామ్మగారు తన చిన్నప్పటి వనభోజనాల గురించి చెప్పారు. ఊరి బయట తోటలో ఉసిరిచెట్టు కింద పూజ చేసి, ఒక్కో ఇంటినుంచి ఒక్కో వంటకం తెచ్చి, అందరి గిన్నెలూ ఒకచోట పెట్టి, పంచుకుని తినేవారట. పులిహోర తెచ్చే ఇల్లు ఏదో, చక్రపొంగలి తెచ్చే ఇల్లు ఏదో ఆవిడకు ఇప్పటికీ గుర్తుంది. ఆ మాటలన్నీ నేను అక్కడే కూర్చుని, మొదటినుంచి చివరిదాకా విన్నాను. టీ పెట్టడానికి ఒక్కసారి లేచాను. అప్పుడు కూడా స్నేహితురాలు వెంట వచ్చి గ్లాసులు తీసింది.

ముందుగా ఖాళీ అయింది సర్వపిండి. తర్వాత ఇడ్లీలు. కారెట్ ముక్కలు సగం మిగిలాయి, వచ్చేసారి వాటి బదులు ఉడికించిన చిలగడదుంప చక్రాలు పెట్టాలి, మామ్మగారు కూడా తినగలుగుతారు. పూతరేకులు మిగిలితే పంపాలనుకున్నాను, ఒక్కటీ మిగల్లేదు. జంతికలు కొన్ని డబ్బాలో పడ్డాయి, పాప బడికి తీసుకెళ్తుంది.

వెళ్ళేటప్పుడు స్నేహితురాలు, వచ్చే నెల మా ఇంట్లో అంది. అప్పటికి తాటి తేగలు వస్తాయి. తంపటి వేసి కాల్చినవి దొరక్కపోతే ఉప్పు వేసి ఉడికించి, నార తీసి, ముక్కలు చేసి తీసుకెళ్తానని చెప్పాను. పిన్నిగారు రేగొడియాలు తెస్తామన్నారు. సర్వపిండి మాత్రం మళ్ళీ నేనే చేయాలట. ఈసారి నాలుగు ఎక్కువ కాల్చాలి.