ముందు చోటు చెప్పండి: చెన్నై వానల్లో కంట్రోల్ రూమ్ ఫోన్ దగ్గర నా అనుభవం

ఫోన్ ఎత్తగానే మొదట అడగాల్సింది "ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారు?" అని. "ఏమైంది?" అన్నది ఆ తర్వాతి మాట. శిక్షణలో నాకు అన్నిటికన్నా ఎక్కువ కాలం పట్టింది ఈ వరస ఒంటబట్టడానికే. అవతలి మనిషి ఏడుస్తూ జరిగిందంతా చెబుతుంటే మధ్యలో ఆపి వీధి పేరు అడగడం మనసుకు కష్టం. కానీ తుపాను రోజున లైను ఏ క్షణాన తెగుతుందో తెలియదు. టవరుకి కరెంటు పోతుంది, ఫోన్లో చార్జింగ్ అయిపోతుంది. చోటు తెలిస్తే సంగతి పూర్తిగా తెలియకపోయినా ఎవరినో ఒకరిని అటు పంపవచ్చు. సంగతంతా విని చోటు రాసుకోకపోతే ఆ కాల్‌తో ఏమీ చేయలేం. చోటు, తిరిగి పిలవడానికి నంబరు, తర్వాతే వాళ్లకొచ్చిన కష్టం.

చెన్నైలో అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. కార్పొరేషన్ సహాయ నంబరు 1913. నగరాన్ని జోన్లుగా, వాటిని మళ్లీ వార్డులుగా విడదీశారు. ప్రతి కాల్‌నీ జోను, వార్డు, శాఖ అని విడగొట్టాలి. ఇందులో తప్పు శాఖకి వెళ్లిన కాల్ చాలా సమయం తినేస్తుంది. "మ్యాన్‌హోల్ పొంగుతోంది" అంటే రోడ్డు మధ్యలో గుండ్రటి ఇనుప మూతా, రోడ్డు పక్కన పలక వేసిన కాలువా అని అడగాలి. గుండ్రటి మూతయితే దాదాపుగా డ్రైనేజీ, అది మెట్రో వాటర్ (నగర నీటి సరఫరా, మురుగునీటి బోర్డు) పని, 1916. పక్కన పలకల కింద ఉన్నది వాననీటి కాలువ, అది కార్పొరేషన్‌ది. కరెంటు సంగతులకి ఈబీ (విద్యుత్ సంస్థ) వాళ్ల సహాయ కేంద్రం మిన్నగం, 94987 94987. అంబులెన్స్ 108, అగ్నిమాపక దళం 101, ఏదీ గుర్తు రాకపోతే 112. ప్రాణాపాయం ఉన్నప్పుడు మాత్రం "మీరు ఆ నంబరుకి చేసుకోండి" అనకూడదు. మనమే కలిపి, అవతల ఎత్తేదాకా లైన్లో ఉండాలి.

చెన్నై చిరునామాలో రెండు చిక్కులున్నాయి. ఒకటి, చాలా వీధుల్లో ఇంటికి పాత నంబరు, కొత్త నంబరు రెండూ ఉంటాయి. "12" అంటే ఏ 12? గేటు మీద రెండూ ఉంటే రెండూ చదవమనాలి. రెండోది, గాంధీ వీధి, భారతియార్ వీధి, పిళ్ళైయార్ కోయిల్ వీధి లాంటి పేర్లు ఊరి నలుమూలలా ఉన్నాయి. వీధి పేరు వెంటనే పిన్‌కోడ్ అడిగితే సగం చిక్కు విడిపోతుంది: 600042 అంటే వేళచ్చేరి, 600019 అంటే తిరువొత్తియూర్. పిన్‌కోడ్ తెలియని వాళ్లని కరెంటు బిల్లు మీది సర్వీసు నంబరు అడగాలి, అది ఏ సెక్షన్ కిందిదో ఈబీ వాళ్లు చెప్పగలరు. ఇక గుర్తులు. రేషన్ షాపు, ఆవిన్ పాల బూత్, అమ్మ ఉణవగం (అమ్మ క్యాంటీన్), ట్రాన్స్‌ఫార్మర్, గుడి. వరదలో పనికొచ్చే గుర్తు ఎత్తుగా ఉండాలి, నీళ్లలోంచి కనబడాలి. టీ కొట్టు బోర్డు మునిగిపోతుంది, నీళ్ల ట్యాంకు మునగదు. అపార్ట్‌మెంట్ అయితే బ్లాకు, అంతస్తు లేకుండా కాల్ వదలకూడదు.

తుపాను రోజున సగం గందరగోళం ఊరి బయటినుంచి వస్తుంది. హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉన్న కొడుకు, పల్లికరణైలో చిక్కుకున్న అమ్మానాన్నల కోసం ఫోన్ చేస్తాడు. అతని కంగారు న్యాయమే, అతనిచ్చే సమాచారం మాత్రం పాతది అయ్యుండవచ్చు. "ఆఖరిసారి ఎప్పుడు మాట్లాడారు?" అని అడిగి ఆ సమయం రాయాలి. వాట్సాప్‌లో లొకేషన్ పంపమంటే చాలామంది తొందరలో తమ చోటే పంపేస్తారు. దీనికి సులువైన పరీక్ష ఉంది. చెన్నై అక్షాంశం 13కి అటూ ఇటూ, రేఖాంశం 80 దాటి ఉంటుంది. వచ్చిన అంకెలు 17తో, 78తో మొదలైతే అది హైదరాబాద్. పడవ కదలకముందే ఈ ఒక్క చూపు చూడాలి. ఇంట్లో ఉన్నవాళ్లని కూడా ఒకసారి నేరుగా పిలవాలి. ఎత్తకపోతే ఒక ఎస్సెమ్మెస్ పెట్టాలి, సిగ్నల్ సన్నగా ఉన్నప్పుడు మాట వెళ్లని చోటికి కూడా ఎస్సెమ్మెస్ వెళ్తుంది.

తర్వాత లోతు. "నీళ్లు చాలా వచ్చేశాయి సార్" అన్న మాటతో ఏ బండి పంపాలో తేలదు. చీలమండా, మోకాలా, నడుమా, ఛాతీయా? పెద్దవాళ్ల మోకాలా, పిల్లలదా? ఇంట్లో ఎంత, గేటు బయట రోడ్డు మీద ఎంత? ఈ చివరి ప్రశ్న చాలా ముఖ్యం. ఇంట్లోని లోతు ప్రమాదం ఎంతో చెబుతుంది, రోడ్డు మీది లోతు ఏ వాహనం రాగలదో చెబుతుంది. అరుగు ఎత్తుగా ఉన్న ఇంట్లో చీలమండ దాకానే ఉన్నా బయట నడుము లోతు ఉండవచ్చు. నీళ్లు పారుతున్నాయా, నిలిచి ఉన్నాయా? పారే నీరు 15 సెంటీమీటర్లున్నా మనిషి కాలు తప్పిస్తుంది, 30 సెంటీమీటర్లు చిన్న కారుని కదిలిస్తుంది, 60 సెంటీమీటర్లకి చాలా వాహనాలు కొట్టుకుపోతాయి. గంట క్రితం ఏ మెట్టు మీద ఉన్నాయి, ఇప్పుడు ఏ మెట్టు మీద ఉన్నాయి? మెట్లు లెక్కపెట్టించడం కంటే మంచి కొలబద్ద నాకు దొరకలేదు.

మోకాలి లోతు, నిలిచిన నీరు అయితే ట్రాక్టరో లారీయో చాలు. పడవ అంతకన్నా తక్కువ నీళ్లలో నేలకి రాసుకుంటుంది. ఛాతీ లోతయితే పడవే. కానీ రబ్బరు పడవకి నీళ్లలో మునిగిన గేటు చువ్వలు, కాంపౌండ్ గోడ మీద గుచ్చిన గాజు ముక్కలు, ఇనుప కంచె ప్రాణాంతకం. అందుకే "మీ గేటు పైన చువ్వలున్నాయా? గోడ మీద గాజు పెంకులున్నాయా?" అని అడిగి టికెట్లో (ఆ కాల్ వివరాలు రాసే నమోదులో) రాయాలి. జాలర్ల ఫైబర్ పడవకి ఆ భయం తక్కువ, అయితే ఇరుకు సందుల్లో తిరగదు. సందు వెడల్పు కూడా అడగాలి: ఆటో పడుతుందా, కారు పడుతుందా?

కరెంటు కాల్స్‌లో కోపం ఎక్కువ ఉంటుంది. "వాన ఆగింది, కరెంటు ఎందుకివ్వరు?" చెన్నైలో చాలా ప్రాంతాల్లో కేబుళ్లు భూమి కింద ఉన్నాయి, ఫుట్‌పాత్ మీద కరెంటు పంచే పిల్లర్ బాక్సులు ఉంటాయి. ఆ పెట్టె మునిగిందంటే చుట్టూ ఉన్న నీళ్లే ప్రమాదం. నీళ్లు తీసేదాకా కరెంటు ఆపడం ప్రాణాలు కాపాడటానికే. ఈ కారణం చెబితే మెజారిటీ జనం శాంతిస్తారు, ఊరికే "వస్తుందండీ" అంటే ఇంకో పదిసార్లు చేస్తారు. పిల్లర్ బాక్స్ ఎంతవరకు మునిగిందో అడిగి ఈబీకి చెప్పాలి. ఇంట్లోకి నీళ్లొస్తుంటే, మెయిన్ స్విచ్ పొడిగా ఉండి, తడి కాళ్లతో నిలబడకుండా అందుకోగలిగితేనే ఆపమనాలి. నీళ్లలో నడిచి వెళ్లి ఆపమని ఎప్పుడూ చెప్పకూడదు.

షాక్ కొట్టి ఎవరైనా పడిపోతే మొదటి మాట "ముట్టుకోకండి". కరెంటు ఆగిందని తేలాక, పలకరింపుకి కదలిక లేక, ఊపిరి మామూలుగా లేకపోతే, ఛాతీ మధ్యలో అరచేతి మడమ పెట్టి నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతున నొక్కించాలి. 108 లైన్లో కలిసేదాకా మనమే లెక్క పలకాలి. గట్టిగా, ఆగకుండా, "ఒకటి, రెండు, మూడు" అని. అవతలివాళ్ల చేతులు మన గొంతు వెంటే నడుస్తాయి.

నీళ్లలో చిక్కుకున్న ఇంట్లో రోగి ఉంటే ప్రశ్నలు మారతాయి. డయాలిసిస్ చేయించుకునేవాళ్లయితే ఆఖరిది ఎప్పుడు, తర్వాతది ఎప్పుడు? ఆక్సిజన్ మీద ఉంటే కాన్సంట్రేటరా, సిలిండరా? కాన్సంట్రేటర్ కరెంటు పోగానే ఆగిపోతుంది. నిండు బి టైపు సిలిండర్లో సుమారు 1500 లీటర్లుంటుంది, నిమిషానికి 2 లీటర్ల చొప్పున 12 గంటలు వస్తుంది. మీటరు ముల్లు సగంలో ఉంటే 6 గంటలు. ఈ లెక్క టికెట్లో ఉంటే పడవ ఏ ఇంటికి ముందు వెళ్లాలో వాదన ఉండదు. నెలలు నిండిన గర్భిణి, మంచం దిగలేని పెద్దవాళ్లు, పసిబిడ్డ: వీటిని అడక్కపోతే చాలామంది చెప్పరు, ఇబ్బంది పెడుతున్నామేమో అనుకుంటారు. ఫ్రిజ్ ఆగి ఇన్సులిన్ పాడవుతుందేమో అని భయపడేవాళ్లకి మాత్రం ధైర్యం చెప్పవచ్చు. వాడుతున్న సీసా ఎండ తగలని చల్లటి చోట సుమారు నాలుగు వారాలు ఉంటుంది.

వాతావరణ శాఖ వర్షపు కొలతలు ఆపరేటర్‌కి నోటికి రావాలి. 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్లు భారీ వర్షం, 204.4 దాకా అతి భారీ, ఆపైన అత్యంత భారీ. తుపాను ఎక్కడ తీరం దాటుతుందన్నది చూసి నిశ్చింతగా ఉండకూడదు. 2023లో మిచౌంగ్ డిసెంబరు 5న మన బాపట్ల దగ్గర తీరం దాటింది, చెన్నైని ముంచింది అంతకు ముందు రెండు రోజులు. సముద్రం పోటు మీద ఉంటే కూవం, అడయార్ నదుల నోళ్ల దగ్గర నీళ్లు బయటికి పోవు. అప్పుడు మోటారు పెట్టి తోడినా నిండిన కాలువలోంచి అవే నీళ్లు తిరిగి వీధిలోకి వస్తాయి. "మోటారు పంపండి" అన్న ప్రతి కాల్‌కీ "తోడిన నీళ్లు ఎక్కడికి వదలాలి?" అన్న ప్రశ్న జత కావాలి. జవాబు లేకపోతే 100 హార్స్‌పవర్ పంపు కూడా ఊరికే డీజిల్ తాగుతుంది.

వాన ఆగాక పెరిగే నీళ్ల గురించి వచ్చే కాల్స్‌ని తేలిగ్గా తీసుకోకూడదు. 2015 డిసెంబరులో చెంబరంబాక్కం జలాశయం నుంచి 29,000 క్యూసెక్కులు వదిలారు. అడయార్ ఒడ్డున జాఫర్‌ఖాన్‌పేట, సైదాపేట, కోట్టూర్‌పురం మునిగాయి. ఈ పేర్లలో ఏదైనా వినబడి, "వాన లేదు, నీళ్లు పెరుగుతున్నాయి" అంటే వెంటనే పైఅంతస్తుకి వెళ్లమనాలి. వేళచ్చేరి, పెరుంబాక్కం సంగతి వేరు. ఆ నీళ్లన్నీ పల్లికరణై చిత్తడినేల మీదుగా ఒక్కియం మడువు అనే నీటి దారి దాటి బకింగ్‌హామ్ కాలువలో పడాలి, రోజులు పడుతుంది. అక్కడినుంచి వచ్చే రెండో రోజు కాల్స్‌లో తాగే నీళ్లు, పాలపొడి, మందులు అడిగి రాసుకోవాలి.

చెట్టు కూలిందంటే వైరు చిక్కుకుందా అన్నదే ముందు. చిక్కుకుంటే ఈబీ సరఫరా ఆపామని చెప్పేదాకా రంపం పెట్టరు. తర్వాత మాను చుట్టుకొలత: ఒక మనిషి కౌగిలికి అందుతుందా, ఇద్దరు కావాలా? దాన్నిబట్టి చేతిరంపమా, క్రేనా తేలుతుంది. పాము కనబడితే ఆ గది తలుపు మూసి, కింద సందులో తడిగుడ్డ కుక్కి, దూరంగా ఉండమనాలి. కరిస్తే కట్టు కట్టకుండా, కోయకుండా, కాలు కదపకుండా 108. సబ్‌వేలో (వంతెన కింది రోడ్డులో) కారు ఆగిందంటే మళ్లీ స్టార్ట్ చేయనివ్వకూడదు. అద్దాలు ఇంకా దిగుతుండగానే దించి బయటికి రమ్మనాలి, నీళ్ల ఒత్తిడికి తలుపు తెరుచుకోదు.

వ్యాసర్పాడి, పులియంతోపు, కొరుక్కుపేట నుంచి తెలుగులో మాట్లాడేవాళ్లు చాలామంది చేస్తారు. "అమ్మా, మా ఇంట్లోకి నీళ్లొచ్చేశాయమ్మా" అన్న గొంతుకి తెలుగులోనే బదులిస్తే సగం భయం తగ్గుతుంది, చిరునామా కూడా కుదురుగా చెబుతారు. టికెట్ మాత్రం క్షేత్రంలో ఉన్నవాళ్లు చదవగలిగే తమిళంలోనే ఉండాలి. అంకెలు ఏ భాషలో విన్నా ఒక్కొక్కటిగా తిరిగి చదివి ఒప్పించుకోవాలి.

ఇక హామీ. "వస్తున్నారు" అన్న మాట విని జనం కిందే నిలబడి ఎదురుచూస్తారు, ఆ లోపు మెట్లు మునుగుతాయి. బృందం సమయం చెప్పకుండా మనం చెప్పకూడదు. "మీ పేరు రాసుకున్నాం, ముందు పైకి వెళ్లండి, తాగే నీళ్లు, మందులు, ఆధార్, చార్జర్ ఒక కవర్లో పెట్టుకోండి, ఈ నంబరు నుంచి ఫోనొస్తే ఎత్తండి" అనడమే సరైనది. ఇది చెప్పడానికి గుండె గట్టిగా ఉండాలి, కానీ అబద్ధపు ధైర్యం కంటే ఇదే వాళ్లకి మేలు.

ప్రతి టికెట్ మీద నాలుగు సమయాలు: కాల్ వచ్చింది, అప్పగించాం, చేరారు, ముగిసింది. అప్పగించిన దాన్ని చేరినట్టు రాస్తే ఆ ఇల్లు జాబితాలోంచి మాయమవుతుంది. ఒకే అపార్ట్‌మెంట్ నుంచి పదిమంది చేసినప్పుడు టికెట్లు కలపాలి, కానీ అంతస్తు, మనుషుల సంఖ్య చూడకుండా కలపకూడదు. మూడో అంతస్తులో క్షేమంగా ఉన్నవాళ్ల టికెట్‌తో పాటు కింద వాచ్‌మన్ కుటుంబం టికెట్ కూడా మూసేసే ప్రమాదం ఉంది. మూసేముందు ఆ నంబరుకి ఒకసారి పిలవాలి. చాలామంది ఈలోగా బంధువుల ఇంటికి వెళ్లిపోయి ఉంటారు, చెప్పాలని తోచదు. ఆ పడవ ఇంకో ఇంటికి వెళ్లవచ్చు. షిఫ్టు మారేటప్పుడు ముగియని టికెట్లన్నీ పైకి చదివి అప్పగించాలి, ఎత్తని నంబర్లు విడిగా. కొత్తగా కూర్చున్నవాళ్లు మొదట పిలవాల్సింది వాటికే.