మండువా ఇల్లు, వెనక్కి పారే తూము

రాత్రంతా ముసురు, పొద్దున పదింటికి తెరిపిచ్చింది. అమ్మకానికి పెట్టిన పాత ఇంటిని ఇలాంటి రోజునే చూడాలి. ఎండలో అన్ని ఇళ్ళూ బాగానే కనిపిస్తాయి.

ఇవాళ వచ్చినవాళ్ళు ద్వారబంధం దగ్గరే ఆగిపోయారు. వసారా స్తంభాలు తట్టి చూసి, "కలప మటుకు విడిగా ఇస్తారాండీ?" అని అడిగారు. కోనసీమలో పాత ఇళ్ళు చాలా వరకు ఇలాగే పోతున్నాయి. కలప లెక్క తేలికే: 6 అంగుళాల మందం, 8 అంగుళాల వెడల్పు, 12 అడుగుల పొడవు ఉన్న దూలం 4 ఘనపుటడుగులు. అయితే గోడలోకి దూరిన కొసల్ని నమ్మకూడదు. అక్కడ చెమ్మ ఆరదు, చెద ముందు పట్టేదీ అక్కడే. సుత్తితో తడుతూ పోతే నడిమిన ఖంగుమన్న దూలం గోడ దగ్గర డొల్లగా పలుకుతుంది.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి, కాలవ నీళ్ళు పొలాలకెక్కాక చేతిలో డబ్బాడిన రోజుల తరహా ఇల్లు ఇది. నడుమ పైకప్పు లేని ముంగిలి, అదే మండువా, చుట్టూ నాలుగు వసారాలు, వెనక ధాన్యం గది, దొడ్లో నుయ్యి. పైన బంగాళా పెంకు, 100 చదరపు అడుగులకి 140 దాకా పడుతుంది. 1996 నవంబరు తుపానులో లేచిపోయిన పెంకుకి బదులు దొరికినచోటల్లా కొని వేశారు. అచ్చు మారితే గాడి మారుతుంది, ఒకదాని పెదవి ఇంకోదాని గాడిలో కూచోదు. వాలు మీద కారేవన్నీ ఆ అతుకుల చోట్లే. పెంకు తిరగేసి కంపెనీ ముద్ర చూసి, ఒకే ముద్రవి ఒకే వాలుకి సర్దితే సగం కారుళ్ళు ఆగిపోతాయి.

మిగతా సగం మండువా మూలల్లో. రెండు వాలులు కలిసేచోట పెంకు కింద జింకు రేకు ఉంటుంది. కొబ్బరి పీచు, వేపాకు పేరుకుని నీళ్ళు రేకు అంచు దాటి మూలవాసం మీదకి పోతాయి. రేకు మార్చేటప్పుడు కింది ముక్క ముందు వేసి, పైది దానిమీద అరడుగు ఎక్కేలా పరచాలి. రెండంచులూ అంగుళం పైకి మడవాలి, మేకులు ఆ అంచుల్లోనే కొట్టాలి. నడిమిన కొట్టిన ఒక్క మేకు చాలు, మూడు వానలకి వాసం నల్లబడుతుంది.

అసలు జబ్బు మాత్రం మండువా నీళ్ళు వీధిలోకి పోయే తూముది. కట్టిన నాడు మండువా అడుగు వీధికన్నా ఎత్తు. తరవాత వీధిలో కంకర, దానిమీద తారు, ఆపైన సిమెంటు రోడ్డు. పాతది తవ్వకుండా వేసుకుంటూ పోతే ఏమవుతుంది? డ్రైను అడుగు ఇప్పుడు తూము నోటికన్నా పైన ఉంది. ఇవాళ మండువాలో నిలిచిన నీళ్ళలో వాన నీరు కొంతే, తక్కినది వీధి మురుగు. అందులో తేలుతున్న షాంపూ ప్యాకెట్లే సాక్ష్యం! మేస్త్రీలు చెప్పే మందు మండువా పూడ్చి ఎత్తు చెయ్యడం. అలా చేస్తే చూరునీళ్ళ చిందు గోడలకీ, స్తంభాల మొదళ్ళకీ తగులుతుంది. ఇంకుడు గుంత కూడా ఇక్కడ దండగ, శ్రావణంలో భూమిలో నీళ్ళు పైపైనే ఉంటాయి. ట్యూబు లెవెలు (నీళ్ళు నింపిన గొట్టంతో ఎత్తుపల్లాలు చూడ్డం) పట్టించి, దొడ్డివైపు 100 అడుగులకి అడుగు చొప్పున వాటం వస్తే తూముని అటు తిప్పాలి. రాకపోతే చిన్న తొట్టి కట్టి మోటారు పెట్టాలి.

గోడలకి మూడడుగుల ఎత్తున సిమెంటు పూత చూసి కొనేవాళ్ళు సంతోషిస్తారు. సున్నపు గోడ చెమ్మని బయటికి వదులుతుంది, సిమెంటు వదలనివ్వదు. అందుకే పూత పైన నాలుగో అడుగులో ఉప్పు పూసి పెచ్చులూడుతోంది. అది చెక్కేసి, ఒక వేసవి ఆరనిచ్చి, ఒక పాలు సున్నానికి మూడు పాళ్ళు ఇసుకతో పూయించాలి.

కాగితాల సంగతి పొడి మాటలతో తేలిపోయింది కానీ చిక్కు అక్కడా ఉంది. ఆన్‌లైన్‌లో ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల పత్రం) 1983 నుంచే వస్తుంది, ముందుది సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో తీయించాలి. గ్రామకంఠం, అంటే ఊరి నివాస స్థలం కాబట్టి నాలుగు హద్దులూ కొలిచి దస్తావేజుతో సరిచూడాలి. పంపకం నోటిమాటగా జరిగితే ఆడపడుచుల సంతకాలు కూడా కావాలి. రేపు ముందు కొలత టేపు, ఆ తరవాతే బేరం.